మరుపు రహిత వేమవరప్పాడు

వేమవరప్పాడు పురపాలక సంఘంలో మరుపును నిర్మూలించాలని ఒక సోమవారం నాటి సమీక్షా సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించారు. అంతకు ముందటేడు దోమల్ని నిర్మూలించే పథకం దిగ్విజయంగా ముగిసింది. ముగిసింది పథకమే. దోమలు ఆ సమావేశానికి కూడా హాజరై అందరి చెవుల దగ్గరా తిరుగుతూనే ఉన్నాయి.

కమిషనర్ శతానందం గారు అంతకు కొద్దిరోజుల ముందు రాజధానిలో వృద్ధుల మెదడు ఆరోగ్యం మీద జరిగిన సదస్సుకు వెళ్ళొచ్చారు. అక్కడొక డాక్టరమ్మ తీరిగ్గా మాట్లాడింది. కంటినిండా నిద్రపోవాలంది. రోజూ కాస్త నడవాలంది. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవాలనీ, చెవులు సరిగా వినపడకపోతే చూపించుకోవాలనీ, నలుగురితో కలిసిమెలిసి ఉండాలనీ, చేతనైన పని మానకూడదనీ చెప్పింది. ఇన్ని చేసినా మతిమరుపు కొందరికి వస్తుంది, వస్తే వాళ్ళని కసురుకోకుండా మన మధ్యే పెట్టుకోవాలి అని ముగించింది. కమిషనర్ గారు అన్నీ శ్రద్ధగా రాసుకున్నారు. తీరా ఊరికొచ్చి చూసుకుంటే అందులో ఒక్క ముక్క కూడా పథకానికి పనికొచ్చేదిగా కనపడలేదు.

"కంటినిండా నిద్రపోయారని ధ్రువీకరణ పత్రం ఎవరిస్తారయ్యా?" అన్నారాయన సమావేశంలో. "నలుగురితో కలిసి ఉండడాన్ని ఏ పద్దు కింద చూపిస్తాం? ప్రగతి అనేది కొలవదగినదై ఉండవలెను. కొలవడానికి వీల్లేనిది ప్రగతి ఎట్లా అవుతుంది? కనుక అరవై దాటిన ప్రతి పౌరునికీ జ్ఞాపకశక్తి అర్హతా పరీక్ష నిర్వహించెదము. వంద శాతం ఉత్తీర్ణత సాధించెదము. రాష్ట్రంలో మొట్టమొదటి మరుపు రహిత పురపాలక సంఘంగా మనల్ని మనమే ప్రకటించుకొనెదము."

అందరూ చప్పట్లు కొట్టారు. కొన్ని చప్పట్లు దోమల కోసం కొట్టినవి.

చివరి వరసలో కూర్చున్న పరంజ్యోతి లేచి నిలబడింది. పన్నెండో వార్డు సంక్షేమ కార్యదర్శి ఆమె. వాళ్ళ వంశంలో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి. సర్క్యులర్ అంటే ఆమెకు మహా గురి. హాస్టల్లో చోటిచ్చిందీ, స్కాలర్‌షిప్పిచ్చిందీ, ఉద్యోగమిచ్చిందీ ఏదో ఒక సర్క్యులరే కాబట్టి, సర్క్యులర్ తప్పు చెప్పగలదని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

"సార్, మరుపు రహితం అంటే ఏం రాసుకోమంటారు?"

"ఊళ్ళో మరిచిపోయేవాళ్ళు ఉండకూడదు."

"ఉంటే సార్?"

"ఉండకూడదని చెబుతున్నాను కదమ్మా!"

పరంజ్యోతి అలాగే రాసుకుని కూర్చుంది. కానీ రాసిన ఆ మాటను రెండుసార్లు చదువుకుంది. ఎందుకంటే మరిచిపోయే మనిషి ఒకావిడ వాళ్ళింట్లోనే ఉంది.

ఆమె తల్లి దీవెనమ్మ మునిసిపల్ మార్కెట్టులో ఆకుకూరలమ్ముతుంది. పెళ్ళయిన కొత్తల్లో పట్టుకున్న గోనెపట్టా చోటు, ఇప్పటికీ అదే చోటు. తోటకూరా గోంగూరా అమ్మి పరంజ్యోతిని చదివించింది. ఈ మధ్య రెండేళ్ళుగా ఆమెకు మాటలు చేతికందకుండా జారిపోతున్నాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం తెలుస్తుంది, పేరు తెలియదు. పేరు తెలిస్తే ఆ మనిషి రోజూ ఏం కొంటుందో గుర్తుండదు. పక్క చోటులో నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ అమ్మే నాగరత్నం అందించేది.

"అక్కా, మిషను కుట్టే సుబ్బులు కోడలు. చుక్కకూరకొచ్చింది."

"నాకు తెలవదంటే? నువ్వు చెప్పేదేంది?" అని గదమాయించి, దీవెనమ్మ చుక్కకూర కట్టలు తీసేది.

నాగరత్నానికి మోకాళ్ళు పనిచెయ్యవు. ఆవిడ మంచినీళ్ళ బిందె దీవెనమ్మ తెచ్చిపెట్టేది, దీవెనమ్మ మాట నాగరత్నం తెచ్చిపెట్టేది. ఆ బజారులో ఇదొక సాయమని గానీ, దీనికొక పేరుంటుందని గానీ ఎవరూ అనుకోలేదు. పెద్దాసుపత్రి డాక్టరు కూడా దీవెనమ్మను పరీక్షించి, బిళ్ళలు రాసి, పరంజ్యోతితో ఒకటే మాట అన్నాడు. "నా మందు కొంతే పనిచేస్తుందమ్మా. ఈవిణ్ణి బజారు మాత్రం మాన్పించకు. బజారు మానితే తొందరగా పడిపోతుంది."

ఆ మాట పరంజ్యోతి మనసులో ఉంది. సర్క్యులర్ చేతికొచ్చింది. ఉత్తీర్ణులైనవారి ఇంటి తలుపుకు పచ్చ స్టిక్కరు. తప్పినవారి తలుపుకు ఎర్ర స్టిక్కరు. "ఎర్ర స్టిక్కరు పొందిన వ్యక్తి, సదరు వ్యక్తి భద్రత దృష్ట్యా, పొయ్యి వెలిగించరాదు. వెంట మనిషి లేనిదే వీధిలోకి రారాదు. పురపాలక సంఘ మార్కెట్టు నందు స్థలము కలిగియుండరాదు."

అమ్మ తప్పితే చోటు పోతుంది. చోటు పోతే అమ్మ పోతుంది. పరంజ్యోతికి ఇందులో ఎక్కడా సందేహం లేదు. అందుకని అమ్మ పరీక్ష తప్పకుండా చూడాలనుకుంది. పరీక్ష రద్దు కావాలని అనుకోవడం ఆమె చదువులో లేదు.

పరీక్ష కంటే ముందు ఇంకో ఉత్తర్వు వచ్చింది. మాట తట్టక ఆగిపోయిన వృద్ధులకు ఎవరైనా ఆ మాట అందించినచో, వారి మెదడు అను కండరము సోమరితనమునకు అలవాటుపడునని కమిషనర్ గారు స్వయంగా కనిపెట్టారు. కాబట్టి బహిరంగ ప్రదేశాల్లో మాట అందించడం నిషేధించడమైనది. అమలు బాధ్యత శానిటరీ ఇన్‌స్పెక్టర్ లజపతికి అప్పగించారు. ఆయన కొలువంతా చెత్త పారబోసేవాళ్ళను రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని తిరిగాడు. చెత్త దొరికేది గానీ మనిషి దొరికేవాడు కాదు. ఇప్పుడు మెడలో విజిలు, జీపు మీద 'స్మృతి ఫ్లయింగ్ స్క్వాడ్' అన్న బోర్డు వచ్చేసరికి ఆయన నడకే మారిపోయింది.

మొదటి రోజే రిటైర్డ్ కండక్టరు పేరయ్య దొరికాడు. దీవెనమ్మ గోనెపట్టా ముందు నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు.

"అదే... పచ్చగా ఉంటది... చారులో ఏస్తారు..."

దీవెనమ్మ కూడా ఆకాశంలోకి చూసింది. ఇద్దరికీ తట్టలేదు. నాగరత్నం నోరు తెరిచింది. విజిలు మోగింది.

"ఏయ్! మూసుకో నోరు! మెదడు కసరత్తులో ఉంది. స్వయంగా గుర్తు తెచ్చుకోనివ్వు!" అన్నాడు లజపతి.

"కొ..." అనబోయింది పక్కన ఉల్లిపాయలావిడ. మళ్ళీ విజిలు.

పేరయ్య నిలబడ్డాడు. వెనకాల జనం నిలబడ్డారు. గోంగూర వాడింది. బజారు మొత్తం ఊపిరి బిగబట్టి ఒక ముసలాయన నోటికేసి చూస్తోంది. అందరి నాలిక మీదా ఉన్న మాట ఒక్కడి నాలిక మీద లేదు. చివరికి ఆయన భార్య వెతుక్కుంటూ వచ్చింది.

"ఏం మనిషివయ్యా! కొత్తిమీర కట్ట తెమ్మంటే పొద్దుననగా పోయి ఈడ దిష్టిబొమ్మలాగా నిలబడ్డావు?"

లజపతి మొహం వెలిగిపోయింది. పేరయ్య భార్య మీద వేమవరప్పాడులో మొట్టమొదటి అందింపు కేసు నమోదైంది.

"ఇదేం చోద్యం నాయనా?" అంది దీవెనమ్మ. "దప్పికైనోడికి గుక్కెడు నీళ్ళిచ్చినా కేసు పెడతారా ఏంది?"

"నీళ్ళు వేరే శాఖమ్మా" అన్నాడు లజపతి.

ఆ తర్వాత బజారులో సైగలు మొదలయ్యాయి. నాగరత్నం ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి వాసన చూస్తే కొత్తిమీర. మొహం పుల్లగా పెడితే గోంగూర. వారానికల్లా సైగల ద్వారా, కనుసన్నల ద్వారా, దగ్గుట ద్వారా అందించుట సైతం నేరమేనని సవరణ ఉత్తర్వు వచ్చింది. బజారులో జలుబు చేసినవాళ్ళు ఇంటి దగ్గర ఉండిపోయారు.

ఇంతలో ఊళ్ళోని ఒక ఇంటర్ కాలేజీవాళ్ళు సంగతి పసిగట్టారు. పరీక్ష అన్నాక కోచింగ్ లేకుండా ఎలా? 'సీనియర్ సిటిజన్ లాంగ్ టర్మ్ బ్యాచ్' పెట్టారు. డే స్కాలరూ ఉంది, హాస్టలూ ఉంది. హాస్టల్లో తెల్లవారుజామునే బెల్లు కొట్టి తాతయ్యల్ని లేపి కూర్చోబెట్టేవాళ్ళు. స్లిప్ టెస్టు, వీక్లీ టెస్టు, గ్రాండ్ టెస్టు. పక్కవాడితో మాట్లాడితే బయట నిలబెట్టడం. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు మాత్రం బయట కుర్చీ వేసే సౌకర్యం ఉంది. పొద్దున్నే పార్కులో నడిచే అలవాటున్నవాళ్ళ సమయం వృథా అవుతోందని పార్కు గేటుకు తాళం వేసి దాన్ని స్టడీ అవర్స్‌కి ఇచ్చేశారు.

నెలకోసారి కొడుకుల్ని పిలిపించేవాళ్ళు. "మీ ఫాదర్ తెలివైనవారేనండీ. కానీ కాన్సంట్రేషన్ లేదు. వెనక బెంచీలో కూర్చుని పక్కాయనతో పాత సంగతులు" అని లెక్చరరు చెబితే, కొడుకులు తలలు దించుకునేవాళ్ళు. ఇంటికెళ్ళి, "నీకేం తక్కువ చేశాం నాన్నా? అడిగినవన్నీ కొనిస్తున్నాం కదా? ఎదురింటి వాళ్ళ నాన్నను చూసైనా బుద్ధి తెచ్చుకో" అని చీవాట్లు పెట్టేవాళ్ళు. ఎదురింటి నాన్నకు గ్రాండ్ టెస్టులో తొంభై ఆరు శాతం వచ్చింది మరి. ఆయనొక రిటైర్డ్ తహసిల్దారు. చౌరస్తాలో ఆయన ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. ఒకటీ ఒకటీ ఒకటీ రెండూ మూడూ అని టీవీలో అరిచే ప్రకటనలో కూడా ఆయన పేరొచ్చింది. ఆయనకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. ఆ సంగతి ఫ్లెక్సీలో వెయ్యలేదు.

పరంజ్యోతికి హాస్టల్లో చేర్పించే స్తోమతు లేదు. తనే చెప్పడం మొదలుపెట్టింది. ప్రశ్నలు పదే. బయటికి రాకూడదు గానీ కోచింగువాళ్ళ దయవల్ల ఊరంతటికీ తెలుసు. పురపాలక సంఘం పేరు, కమిషనర్ పేరు, పథకం పేరు, అది మొదలైన తేదీ, వందలోంచి ఏడు తీసుకుంటూ పోవడం, మూడు వస్తువుల పేర్లు విని కాసేపాగి తిరిగి చెప్పడం, ఇలాంటివి. ఆ మూడు వస్తువులు బల్ల, గొడుగు, అరటిపండు.

"వందలోంచి ఏడు తియ్యమ్మా."

"ఎందుకే తియ్యడం? వంద నిండుగా ఉంది గదా, ఉండనియ్యి."

"అమ్మా, ప్రశ్నకు ప్రశ్న వెయ్యకూడదు. కమిషనర్ గారి పేరేంటి?"

"ఆయన పేరు నాకెందుకు? నా పేరు ఆయనకు తెలుసా?"

"అమ్మా!"

దీవెనమ్మ కూతురి మొహం చూసి తగ్గింది. "చెబుతాలేవే. ఏదో సాతాని... శతానందం. అవునుగానీ జ్యోతీ, నువ్వు పుట్టినప్పుడు ఈయనలాంటి పెద్ద పొట్టాఫీసరే ఉండేవాడు ఈ ఊళ్ళో. తుపానొచ్చి మార్కెట్టు రేకులన్నీ లేచిపోతే, నేను నొప్పులు పడతా ఉల్లిపాయల బస్తాల మధ్యన..."

"అది సిలబస్‌లో లేదమ్మా. బల్ల, తర్వాతేంటి?"

అలా ఎన్నో సంగతులు సిలబస్‌లో లేకుండా పోయాయి. తుపాను లేదు. నాన్న రిక్షా లేదు. నాగరత్నంతో తగాదా పడి సంవత్సరం మాట్లాడుకోని ముచ్చట లేదు. పరీక్ష దగ్గరపడేసరికి పరంజ్యోతి చేతులారా చేసింది అసలు పని. చదువుకోవడానికి సమయం చాలడం లేదని తల్లిని బజారు మాన్పించింది. ఈ నాలుగు వారాలే, తర్వాత చోటు ఖాయమైపోతుంది అని డాక్టరు మాటకు తనే జవాబు చెప్పుకుంది.

దీవెనమ్మ మంచం మీద కూర్చుని చదివేది. పనికి వెళ్ళని ఒంటికి నిద్ర రాలేదు. నిద్ర లేని మనిషికి అన్నం సయించలేదు. కూరగాయల బండివాడు వీధిలో కేకేస్తే ఉలిక్కిపడి లేచి, మళ్ళీ ఎందుకు లేచిందో తెలియక కూర్చునేది. ప్రశ్నలకు జవాబులు మాత్రం ఒకటొకటే గట్టిపడ్డాయి. పరంజ్యోతి సంతోషించింది కూడా.

ఒకనాటి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి దీవెనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరమ్మా? ఎవరు కావాలి?"

పరంజ్యోతి చెప్పబోయి ఆగింది. అందించకూడదు. మెదడు కండరం. "నువ్వే చెప్పమ్మా. గుర్తు తెచ్చుకో" అంది.

దీవెనమ్మ పమిట సరిచేసుకుంది. చేతులు కట్టుకుని, బడిపిల్లలా నిటారుగా నిలబడింది. "వేమవరప్పాడు పురపాలక సంఘం. కమిషనర్ శతానందం గారు. బల్ల, గొడుగు, అరటిపండు."

"అది కాదమ్మా. నేనెవర్ని?"

తల్లి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "అది సిలబస్‌లో లేదమ్మా" అంది. "కోప్పడమాక తల్లీ. రేపటికి చదువుతాలే."

మర్నాడు పరంజ్యోతి కమిషనర్ గారి గదిలోకి వెళ్ళింది. సెలవు కోసం తప్ప ఆ గదికి ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు.

"సార్, మా అమ్మకు పరీక్ష వద్దు సార్. చదివిన కొద్దీ మర్చిపోతోంది. బజారులో ఉన్నప్పుడే బాగుండేది. ఊళ్ళో అందరూ అలాగే ఉన్నారు సార్. మా వార్డులో ముసలివాళ్ళు నడవడం మానేశారు, నిద్ర మానేశారు, ఒకరితో ఒకరు మాట్లాడడం మానేశారు. సదస్సులో డాక్టరమ్మ చెప్పిందని మీరు చెప్పినవన్నీ..."

"చూడమ్మా" అన్నారు శతానందం గారు అనునయంగా. "నీ తల్లి అని మినహాయిస్తే, రేపు ప్రతివాడికీ ఒక తల్లి బయల్దేరుతుంది. వ్యవస్థ అన్న తర్వాత తల్లులకు అతీతంగా ఉండవలెను. పరీక్షకు ముందు ఆరోగ్యం దెబ్బతినడం సహజం. దాన్నే మేము సన్నద్ధత అంటాము."

"తప్పితే చోటు పోతుంది సార్."

"తప్పనివ్వకు. మన లక్ష్యం వంద శాతం. ఒక్కరు తప్పినా ఊరు మరుపు సహితమైపోతుంది. పైనుంచి తనిఖీ బృందం వస్తోంది. నా మొహం చూసైనా చదివించు."

పరంజ్యోతి బయటికొచ్చింది. ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి, చెప్పిన పని చెయ్యకూడదని నిర్ణయించుకుంది. మర్నాడు తెల్లవారుజామునే తల్లి చెయ్యి పట్టుకుని, రైతుల దగ్గర కూర కొని, తట్ట నెత్తిన తనే పెట్టుకుని మార్కెట్టుకు తీసుకెళ్ళింది. తప్పితే తప్పుతుంది. చోటు ఉన్నన్నాళ్ళయినా కూర్చోనీ అనుకుంది.

నాగరత్నం చూసి నోరు తెరిచింది. అటూ ఇటూ చూస్తే లజపతి టీ కొట్టు దగ్గరున్నాడు. "వచ్చావా అక్కా! ఏందిట్టా చిక్కిపోయావు? నన్నెరగవా? నాగరత్నాన్నే, నిమ్మకాయల నాగరత్నాన్ని! ఇదిగో, ఇది నీ కూతురు జ్యోతి, గంపెత్తుకొచ్చింది సూడు, ఏ రోజన్నా ఎత్తిందా" అని ఒక్క గుక్కలో సిలబస్‌లో లేనివన్నీ అందించేసింది. ఆ రోజు నుంచి లజపతి టీ ఎంతసేపు తాగితే బజారు అంతసేపు మాట్లాడుకునేది. ఆయనకు ఇంకో టీ ఇప్పించడానికి అందరూ పోటీపడేవాళ్ళు. నాలుగైదు రోజులు గడిచాక ఒక పొద్దున దీవెనమ్మ, "జ్యోతీ, ఆ జడేందే, ఎలక పీకినట్టు? ఆఫీసుకట్టానే పోతావా?" అంది. పరంజ్యోతి జడ విప్పి మళ్ళీ వేసుకుంటూ అక్కడే, ఆకుల మధ్య కూర్చుని ఏడ్చింది.

పరీక్ష రోజు వచ్చింది. మునిసిపల్ కల్యాణ మండపం గుమ్మం దగ్గర స్క్వాడ్ వాళ్ళు ముసలమ్మల కొంగుముళ్ళు విప్పించి చూశారు. వక్కలూ మాత్రలూ దొరికాయి. తాతయ్యల చెవి మిషన్లు బ్లూటూత్ అనుమానం మీద తీయించేశారు. దాంతో సగం మందికి ప్రశ్నలు వినపడే అవకాశం అక్కడే పోయింది. చదువు రానివాళ్ళు చాలామంది కాబట్టి మౌఖిక పరీక్ష పెట్టారు. తనిఖీ బృందం చూస్తోందని కమిషనర్ గారే ప్రశ్నలడగడానికి కూర్చున్నారు. ప్రశ్నలు బయటికొచ్చాయన్న మాట చెవిన పడి, రాత్రికి రాత్రే ఆయన అరటిపండు తీసేసి సీతాఫలం పెట్టారు. పరంజ్యోతికి హాజరు చూసే పని.

మొదట రిటైర్డ్ తహసిల్దారును పిలిచారు. ఆయన వచ్చి, ప్రశ్న కోసం ఆగకుండా పది జవాబులూ గడగడా అప్పజెప్పేశాడు.

"ఆగండాగండి. నేను చెప్పే వస్తువులు వినండి. బల్ల, గొడుగు, సీతాఫలం. ఇప్పుడు చెప్పండి."

"బల్ల, గొడుగు, అరటిపండు."

"సీతాఫలమండీ."

"ఎట్లా కుదురుతుంది?" అన్నాడాయన. "మెటీరియల్‌లో అరటిపండే ఉంది. తొంభై ఆరు శాతం అరటిపండుతోనే వచ్చింది నాకు!"

హాల్లో గుసగుస మొదలైంది. కోచింగ్ బ్యాచ్ మొత్తం తెల్లబోయింది. కమిషనర్ గారికి కూడా అప్పుడే అర్థమైంది. ఊరు ఊరంతా అరటిపండు చదువుకొచ్చింది. వంద శాతం తప్పుతారు. తనిఖీ బృందం నాయకుడు పెన్ను తీశాడు. కమిషనర్ గారు గబగబా, "తర్వాత! ఎవరమ్మా తర్వాత?" అన్నారు.

దీవెనమ్మ లేచి వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"బల్ల, గొడుగు, సీతాఫలం. కాసేపాగి చెప్పమ్మా. గుర్తుపెట్టుకో."

కాసేపయింది. దీవెనమ్మ ఒక వేలు ముడిచింది. "బల్ల." ఇంకో వేలు ముడిచింది. "గొడుగు." మూడో వేలు నిలిచిపోయింది. పరంజ్యోతి కళ్ళు మూసుకుంది. దీవెనమ్మ పైకప్పుకేసి చూసింది, చూసి ఊరుకోలేదు. ఇంతకాలం గోనెపట్టా మీద కూర్చుని ఏం చేసిందో అదే చేసింది. వెనక్కి తిరిగి, "ఏమే నాగరత్నం, ఆ మూడోదేందే?" అని కేకేసింది.

"సీతాఫలమక్కా!" అని వెనక బెంచీలోంచి నాగరత్నం.

"కాదు, అరటిపండే!" అన్నాడు తహసిల్దారు మొండిగా.

"ఇప్పుడు సీతాఫలం కాలమెక్కడిదయ్యా? ఏ కొండ మీద కాసిందంట?" అన్నాడు పేరయ్య.

"ఎందుకు కాయదూ? మా పుట్టింటి వెనకాల కొండ మీద ఎంత కాసేదో! గంపలకి గంపలు మోసుకొచ్చేవాళ్ళం" అంది అతని భార్య.

"మీ పుట్టిల్లు మాచవరం కాదూ? ఆ కొండ మీద ఉన్నయ్యి పరికికాయలు!"

"సీతాఫలమే! బస్సాపి కోసుకొచ్చి నాకిచ్చింది ఎవరు? అప్పుడు కండక్టరువి గదా!"

హాలంతా నవ్వింది. ఇన్నాళ్ళుగా నోళ్ళు కట్టేసుకున్న మనుషులు ఒక్కసారి విప్పుకున్నారు. ఎవరి చేనులో ఏ పండు కాసేదో, ఏ ఏడు వరదకు ఏ తోట పోయిందో, ఎవరు ఎవరికి మామిడికాయ దొంగతనంగా ఇచ్చి దొరికిపోయారో ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకున్నారు. చెవి మిషను లేనివాళ్ళకు పక్కవాళ్ళు చెవిలో అరిచి చెబుతున్నారు. కమిషనర్ గారు బల్ల మీద బాదితే, "అదిగో బల్ల కూడా వచ్చింది" అన్నారెవరో.

విజిలు మోగింది. లజపతి హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. కొలువంతా ఎదురుచూసిన రోజు అది.

"మాస్ కాపీయింగ్!" అన్నాడు. "ఒక్కళ్ళూ కదలొద్దు! అందర్నీ బుక్ చేస్తున్నా! మూడేళ్ళు డిబార్!"

సాయంత్రానికి మండపం ఖాళీ అయింది. కమిషనర్ గారు తలపట్టుకుని కూర్చున్నారు. పక్క గదిలో తనిఖీ బృందం టిఫిను తింటోంది. ఫలితాల పట్టిక తయారుచెయ్యాల్సింది పరంజ్యోతి.

"ఏం రాయమంటారు సార్?"

"ఇంకేం రాస్తావు? అంతా ఫెయిల్. ఊరు మొత్తం మరుపే. నన్ను ఏ కొండల్లోకో బదిలీ చేస్తారు. ఆ సీతాఫలాలు నేనే కోసుకోవచ్చు."

పరంజ్యోతికి వ్యంగ్యం చేతకాదు. నిబంధనల్ని నిబంధనల్లాగే మాట్లాడింది. "ఫెయిల్ అని రాయడానికి లేదు సార్. డిబారైనవాళ్ళకు ఫలితం ఉండదు. నేను చదివిన కాలేజీలో కూడా అంతే. ఫలితం లేనివాళ్ళు తప్పినట్టు కాదు."

శతానందం గారు తలెత్తారు.

"తప్పినవారి సంఖ్య దగ్గర సున్నా వస్తుంది సార్" అంది పరంజ్యోతి.

"సున్నా" అన్నారాయన మెల్లిగా. "తప్పినవారు లేరు. అంటే మరిచినవారు లేరు. అంటే..." లేచి నిలబడ్డారు. "లజపతీ! మండపానికి రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇంట్లో మంచాన ఉన్నవాళ్ళు? వాళ్ళను కూడా పట్టుకో. ఒక్కరు కూడా నిజాయితీగా మిగలడానికి వీల్లేదు!"

తనిఖీ బృందం సంతృప్తి ప్రకటించి, మిగిలిన టిఫిను కట్టించుకుని వెళ్ళింది. ఊరి పొలిమేరలో 'మరుపు రహిత వేమవరప్పాడుకు స్వాగతం' అన్న బోర్డు లేచింది. తాళం తీసిన పార్కులోకి తాతయ్యలు నడకకు వచ్చారు. స్టిక్కరు అంటించడానికి ఊళ్ళో ఒక్క తలుపూ దొరకలేదు. తమవాళ్ళు ఎలా డిబారయ్యారో చెప్పుకుని కొడుకులు గర్వపడ్డారు. కోచింగ్ కాలేజీవాళ్ళు తహసిల్దారు ఫ్లెక్సీ దించి, 'డిబార్మెంట్‌లో నూరు శాతం ఫలితాలు' అని కొత్తది కట్టారు. చుట్టుపక్కల మునిసిపాలిటీల నుంచి పెద్దమనుషులు పైరవీలకు దిగారు. కమిషనర్ గారే ఒకనాడు పరంజ్యోతిని పక్కకు పిలిచి, "మా అత్తగారు పక్క జిల్లాలో ఉంటారమ్మా. వచ్చే వారం అక్కడా పరీక్షట. ఆవిడకు ఎవరైనా కాస్త మాట అందించేవాళ్ళుంటే..." అని గొంతు తగ్గించారు.

ఫలితాలు ఖరారైన రోజు సాయంత్రం పరంజ్యోతి ఇంటికొచ్చి తల్లి పక్కన మంచం మీద కూర్చుంది.

"అమ్మా, నేను జ్యోతిని. ఒక మంచి మాట చెబుతా విను. పరీక్ష అయిపోయింది. మనకు మూడేళ్ళు డిబారు."

"అంటే ఏందే?"

"మూడేళ్ళదాకా నిన్నెవరూ ఏమీ అడగరమ్మా."

సంతోషిస్తుందనుకున్న దీవెనమ్మ మొహం నల్లబడిపోయింది.

"ఏమీ అడగరా? తోటకూర కట్టెంత అని కూడా అడగరా? మరి ఆ చోటుండి ఏం లాభమే నాకు?"

"అది అడుగుతారమ్మా. అది అందరూ అడుగుతారు."

"మరట్టా చెప్పవేం? గుండె ఆగినంత పనైంది" అని కసిరి, దీవెనమ్మ మర్నాటి కట్టలకు అరటినార తడిపిపెట్టడానికి లేచింది.